వాకిటిలోని చమురు చుక్క

పాత మోటారు సైకిలు గల యింటి గృహిణికి తెల్లవారుజామున ముగ్గు పెట్టుటకు ముందు మఱియొక పని యుండును. రాత్రి బండి నిలిపిన తావున నల్లని చమురు చుక్కలు నాలుగో యైదో పడియుండును. వానిపై బూడిద చల్లి, తుడిచి, కడిగినగాని యచ్చట ముగ్గు నిలువదు. ఈ చుక్కలను గూర్చి యిట్టి యిండ్లలో జరుగు సంభాషణ యించుమించుగ నొక్క తీరుననే యుండును. "ఈ పాతబండి నింక నెన్నాళ్ళుంచుకొందురు?" అని భార్య యనును. "ఈ జాతి బండ్ల కిది సహజమేలే" అని భర్త బదులు పలుకును. అంతటితో నాటికి మాట ముగియును. మఱునాటి యుదయమునకు చుక్కలు మరల సిద్ధము.

సోదరీమణులారా! చుక్క పడినంతనే బండి చెడినదని తలపరాదు. సహజమని దానిని చూడక విడువనురాదు. చుక్క యెచ్చటినుండి పడుచున్నది, లోపల చమురెంత మిగిలియున్నది అను రెండు సంగతులు తెలిసికొనిన పిమ్మటనే ఆందోళన పడవలయునో నిశ్చింతగ నుండవలయునో నిర్ణయింపదగును. ఇందులకై యంత్రశాస్త్రము పఠింప నక్కఱలేదు. ఆవకాయ జాడీలో నూనె ముక్కపైకి తేలియున్నదో లేదో కనిపెట్టు కన్ను చాలును.

మా యింటివారు ఉపాధ్యాయులు. వారు పాఠశాలకు పోయివచ్చు బుల్లెట్టు మా మామగారి నాటిది. దానిని విప్పుటయు బిగించుటయు మా వాకిటనే జరుగుచుండుటచే దాని గుణదోషములు మాకు పరిచయమైనవి. అట్టి బండిగల సోదరీమణుల కుపకరించునను తలంపుతో వాని నిచ్చట విన్నవించుచున్నాము.

ఈ బండి పూర్వకథ

ఇంగ్లండు దేశమున రెడ్డిచ్ అను పట్టణమునందు రాయల్ ఎన్ఫీల్డు సంస్థవారు 1901వ సంవత్సరమున తమ మొదటి మోటారు సైకిలును నిర్మించిరి. బుల్లెట్టు అను పేరు 1932లో వచ్చెను. 1955లో మద్రాసునందు ఎన్ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడి, తిరువొత్తియూరునందలి కర్మాగారమున ఈ బండ్లు తయారగుట కారంభమయ్యెను. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడినను మద్రాసు బుల్లెట్టు మాత్రము ఇంచుమించు ఆ పాత యచ్చుతోనే దశాబ్దముల తరబడి వచ్చుచుండెను. 2008 మొదలుకొని క్రమముగా దాని స్థానమున, ఇంజనును గేరుబాక్సును ఒక్క పెట్టెలో నిమిడ్చిన క్రొత్త యంత్రము వచ్చినది. ఆ మార్పునకు పూర్వపు ఇనుప సిలిండరు బండినే మనమిప్పుడు పాత బుల్లెట్టు అనుచున్నాము. చుక్కల కథ యంతయు ముఖ్యముగ దానికి సంబంధించినదే.

చమురేల కారును?

ఈ యంత్రమున చమురునకు మూడు వేర్వేఱు నివాసములు గలవు. మొదటిది ఇంజను. దీని చమురుతొట్టి విడిగా నుండక ఇంజను పెట్టె వెనుకభాగముననే పోతలో నేర్పడియుండును. అందు రెండు లీటరులకు కొంచెము పైగ పట్టును. రెండవది యెడమవైపున క్లచ్చిని, దానిని త్రిప్పు ఛెయినును కప్పియుండు మూతపెట్టె. మూడవది గేరుబాక్సు. ఇవి మూడును మూడు కాపురములు; దేనికి కావలసినది దానికే పోయవలయును.

ఈ పెట్టెల మూతలు కలియుచోట్ల నెల్ల కాగితమో, బెండో, రబ్బరో నడుమ నుంచి బిగింతురు. దానినే గ్యాస్కెట్టనియు, షెడ్లలో ప్యాకింగనియు అందురు. సిలిండరు ఇనుముతోను, దాని పై తలయు క్రింది పెట్టెయు అల్యూమినియముతోను చేయబడినవి. వేడి తగిలినప్పుడు ఇనుముకంటె అల్యూమినియము ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. కావున బండి వేడెక్కి చల్లాఱిన ప్రతిసారియు అతుకులయందు వెండ్రుకవాసి కదలిక కలుగును. ఏండ్ల తరబడి యిట్లు కదలగా ప్యాకింగు నలిగి, యెండి, చమురునకు త్రోవ యిచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన కారణ మొకటి గలదు. ఇంజనులోని పిస్టను క్రిందికి దిగునప్పుడెల్ల దాని క్రిందనున్న గాలిని నొక్కును. ఈ బండి సిలిండరు పరిమాణము 346 ఘన సెంటీమీటరులు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సెకనునకు 50 మారులు దిగి, అంత గాలిని నొక్కుచుండును. ఆ గాలి వెలికిపోవుటకు ఒక ఊపిరిగొట్టము నమర్చిరి. దీనిని బ్రీదరు అందురు. మన బండ్లలో దాని కొన బాతుముక్కువలె రెండు రబ్బరు పెదవులు కలిగి, గాలిని బయటికి విడుచునే కాని లోపలికి రానీయదు. ఈ ముక్కు మూసికొనిపోయినను, రబ్బరు గట్టిపడి పెదవులు తెఱవకున్నను లోపలి యొత్తిడి పెరుగును. కుక్కరు మూతపై గొట్టము పూడిపోయిన నేమగునో మనమెఱుగనిది కాదు. ఇంజనులోని యొత్తిడియు అట్లే బలహీనమైన చోటును వెదకికొని, మంచి ప్యాకింగు గల యతుకునుండి కూడ చమురును వెలికి నెట్టును. పలుచోట్ల నొక్కసారిగ కారుట మొదలైనచో ప్యాకింగులు మార్చుటకు ముందు ఊపిరిగొట్టమును చూపింపవలయును. వ్యయము లేనిది అదే. తఱచుగ దోషము గలదియు అదే.

ఒక యింటి సంగతి

మా యెఱుకలోని యొక గృహమున జరిగినది చెప్పెదము. ఆ యింట సంక్రాంతికి బంధువులు రానుండగా వాకిట నొక్క చుక్కయు పడరాదని గృహిణి పట్టుపట్టెను. బాగుచేయువాడు అతుకుల నేమియు విప్పకయే పైపైన జిగురు దట్టముగ పూసి, చమురు తుంపరలు వచ్చుచున్నవని ఊపిరిగొట్టమునకు గూడ బిరడా కొట్టి పంపెను. పండుగ దినములలో చుక్క పడలేదు, అందఱును సంతసించిరి. పిమ్మట పక్షము దినములకు ఆ యింటి యజమాని పొరుగూరికి పోవుచుండగా సిలిండరు మొదట నుండు చిన్నమూత ప్యాకింగు తెగి, చమురు వెనుక చక్రముపై జల్లుగ పడెను. మలుపున బండి జాఱెను. ముంజేయి విఱిగి ఆయన రెండు నెలలు పని మానుకొనవలసి వచ్చెను.

వాకిట పడు చుక్క మన కంటికి మాత్రమే చెఱుపు. చక్రముపై పడు చుక్క ప్రాణమునకే ముప్పు. కావున బండి బయలుదేఱునప్పుడు వెనుక చక్రపు రబ్బరును ఒకసారి చూచుట గృహమందలి వారందఱకు అలవాటు కావలయును. తడి కనబడినచో సబ్బునీటితో కడిగి, పూర్తిగ నాఱిన పిమ్మట కారణమును కనుగొనువఱకు బండిని కదల్పరాదు. బ్రేకు లోపలి పట్టీలకు చమురంటినచో తుడిచిన చాలదు, వానిని మార్పింపవలయును.

చుక్కను చదువు విధము

చమురు పైనుండి క్రిందికి జాఱుటయు, బండి పోవునప్పుడు గాలికి వెనుకకు ప్రాకుటయు సహజము. అందుచే చుక్క పడిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు. దానిని కనుగొనుట కొక సులభమైన యుపాయము గలదు. ఇంజను చల్లగ నున్నప్పుడు, పొయ్యికిని దీపమునకును దూరముగ బయట, కిరోసిను తడిపిన బ్రష్షుతో జిడ్డంతయు కడిగి పొడిగుడ్డతో తుడువవలయును. ఆఱిన పిమ్మట అతుకుల వెంబడి సుద్దపొడినిగాని పిల్లలకు పూయు పౌడరునుగాని పలుచగ చల్లవలయును. నాలుగైదు కిలోమీటరులు నడిపి తెచ్చిన వెనుక చూచినచో, తెల్లని పొడిపై నల్లని గీత కనబడును. తడిసిన చోట్లలో అన్నిటికంటె పైదియు ముందుదియు ఏదియో అదే మూలము. బడిపంతులుగారి యింట సుద్దకు కొదువ లేదు గనుక మే మీ యుపాయమునే వాడుచున్నాము.

రాత్రివేళ బండి క్రింద పెద్ద యట్టముక్క పఱచి, చక్రము లుండుచోట గీత గీసికొనుట రెండవ యుపాయము. ఎడమవైపున మరకలు పడినచో క్లచ్చిపెట్టెను సందేహింపవలయును. ఆ మూత యంతయు నడుమనున్న యొక్క నట్టుతోడనే పట్టువడియుండును. చుట్టును రబ్బరు పట్టీ యుండును. పట్టీ సరిగ గూర్చున్నయెడల ఆ నట్టును విపరీతముగ బిగింప నక్కఱలేదు. కుడివైపున పడినచో పళ్ళచక్రముల మూతయో, సిలిండరు మొదటి చిన్నమూతయో కారణము. నట్టనడుమ పడినచో చమురు దించు బోల్టులు కారణము. వెనుకగ, ఛెయిను దగ్గఱ పడినచో గేరుబాక్సు సీలును చూపింపవలయును. ఛెయిను చమురును చక్రముపైకి విసరును గనుక దీనికి జాగు చేయరాదు.

ఎక్కడ కారిననేమి, పానా తీసికొని బలముగ బిగించుట పురుషులకు గల యొక దురభ్యాసము. తెగేదాక లాగరాదను సామెత యిచ్చట అక్షరాల చెల్లును. పలుచని యల్యూమినియపు మూత అతిగ బిగించినచో వంగును. బోల్టు పట్టు మరలు అరిగి యూడివచ్చును. పది రూపాయల ప్యాకింగుతో పోవలసినది వేల రూపాయల పనియగును. జిగురుమందు విషయమును ఇట్టిదే. దానిని పలుచగ పూయవలయును. దట్టముగ పూసినచో లోపలికి పొంగిన జిగురు తునిగిపోయి, చమురు ప్రవహించు సన్నని త్రోవలను మూసివేయును.

లోపల నెంత యున్నది?

ఇప్పుడొక చిన్న లెక్క చూతము. ఒక మిల్లీలీటరు చమురునకు ఇంచుమించు ఇరువది చుక్కలనుకొందము. రాత్రికి పది చుక్కలు పడినచో అర మిల్లీలీటరు. నూఱు రాత్రులకు 50 మిల్లీలీటరులు. రెండు లీటరులకు పైబడిన తొట్టికి అదెంత? కాని పిస్టను రింగు లరిగిన పాత ఇంజను, క్రింద నొక్క చుక్కయు రాల్పకయే, వేయి కిలోమీటరులలో అంతకు కొన్ని రెట్లు చమురును కాల్చి నీలిపొగగ విడిచిపెట్టగలదు. వాకిలి శుభ్రముగ నున్నదని మన ముల్లసిల్లుచుండగా లోపల తొట్టి యడుగంటుచుండును. చమురులేని ఇంజనులో లోహము లోహమును రాచికొని, కాగి, పట్టుకొనిపోవును. నడిత్రోవలో చక్రము బిగిసినచో పడిపోవు ప్రమాదమును గలదు. బాగుచేయుటకు ఇంటి కర్చులో నెలల తరబడి లోటును గలుగును. బుల్లెట్టుగలవారు "క్రింద చమురు లేదన్న లోపలను లేదన్నమాటే" అని పరిహాసమాడుదురు. ఆ పరిహాసమున కొంత నిజము లేకపోలేదు.

కావున వారమున కొకమారు చమురు కొలచూచుట ముఖ్యము. ఇందు కొక మర్మము గలదు. బండి చాలదినములు నిలిచియున్నచో తొట్టిలోని చమురు పంపుల సందులనుండి మెల్లగ క్రిందిగదిలోనికి దిగిపోవును. అప్పుడు కొలపుల్ల ముంచినచో తొట్టి తఱిగినట్లు కనబడును. చమురు తక్కువయని భ్రమించి మఱికొంత పోసినచో అది యెక్కువై, బండి నడిచినంతనే ఊపిరిగొట్టమునుండియు అతుకులనుండియు వెలికి చిమ్మును. అందుచే బండిని సమప్రదేశమున నడిమిస్టాండుపై నిలిపి, కొన్ని నిమిషములు ఇంజను నడిపి, ఆపి, రెండు నిమిషము లాగి, పుల్లను తుడిచి ముంచి చూడవలయును. క్రిందిగదిలోని చమురును తొట్టికి తోడిపోయు పంపు, తొట్టినుండి ఇంజనునకు పంపు పంపుకంటె పెద్దది. అందుచే ఆ కొద్దికాలములో చమురు తన యింటికి చేరుకొనును. పైగీతకును క్రిందిగీతకును నడుమ నున్నచో చాలును. పైగీతను దాటి పోయరాదు.

మా యింట చాకలిపద్దు ప్రక్కనే బండిపద్దు నుంచితిమి. తేది, నడిచిన కిలోమీటరులు, పోసిన చమురు అను మూడు కాలములు మాత్రమే. మూడు నెలల లెక్క చూచినచో బండి యెంత త్రాగుచున్నదో తెలియును. ఆ మొత్తము ఒక్కసారిగ పెరిగినయెడల వైద్యుని పిలువవలసిన సమయము వచ్చినదన్నమాట.

ఏ చమురు మంచిది?

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలనిరి. ఎడ్లబండి యిరుసునకు ఆముదము వాడుట మన కెల్లరకును తెలిసినదే. మోటారు యంత్రములును తొలుత ఆ యాముదమునే యాశ్రయించినవని విన్నప్పుడు మాకాశ్చర్యము గలిగెను. 1899లో లండనునందు వేక్ఫీల్డు అను వర్తకుడు స్థాపించిన కంపెనీ 1909లో నొక చమురును ఆముదము కలిపి చేసి, ఆముదమునకు గల ఆంగ్లనామమైన కాస్టరును బట్టియే దానికి కాస్ట్రాలని పేరిడెను. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున విమానముల చుట్టుతిరుగు ఇంజనులకు ఆముదమే వాడిరి. కాగిన లోహమును విడువక యంటియుండుటయు, పెట్రోలులో సులభముగ కరగకుండుటయు దాని సుగుణములు. ఆ విమానములలో ముఖము చాటు లేక కూర్చుండిన వైమానికులు ఆముదపు పొగ పీల్చి, బిడ్డలకు మనము ఆముదము పట్టించిన మఱునాటి యవస్థను పొందెడివారని చెప్పుదురు! అయితే ఆముదము వేడికి జిగురుగట్టును గనుక నిత్యము నడచు బండ్లకు తగదు. మన పాత బుల్లెట్టులో దానిని పోయరాదు.

పాత బుల్లెట్టు ఇంజనునకు తగినది 20 డబ్ల్యు 50 అను చిక్కదనము గల చమురు. చలికాలమున పేరుకొని వేసవిలో పలుచనగు నేతివలెనే చమురును చలికి చిక్కబడి వేడికి పలుచనగును. డబ్ల్యు అను నక్షరము శీతకాలమును సూచించును. దానికి ముందున్న సంఖ్య చలిలో చమురు ప్రవహించు తీరును, తరువాతి సంఖ్య 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనమును తెలుపును. పూర్వము ఋతువునుబట్టి వేర్వేఱు చమురులు మార్చెడివారు. ఇప్పుడొక్కటియే రెంటికిని చాలును. కాఱుచున్నదిగదా యని మిక్కిలి చిక్కనిదానిని పోయుట కూడదు. ఉదయమున చల్లని యంత్రమునందు అది సన్నని త్రోవలకు చేరుట ఆలస్యమై యఱుగుదల పెరుగును. కార్ల కొఱకు జాఱుడుమందులు కలిపి చేసిన చమురును క్లచ్చిపెట్టెలో పోసినచో క్లచ్చి పట్టు తప్పును. మోటారు సైకిళ్ళకని చెప్పి, డబ్బాపై ఎమ్ ఏ అను గుఱుతు గలదానిని కొనవలయును. రాజ్‌దూతు, ఎజ్డీ వంటి పాతబండ్లకు పెట్రోలులోనే కలుపు చమురు వేఱొకజాతిది. దానిని దీనికి వాడరాదు.

వాడిన చమురు

కట్టకడపటి దైనను మిక్కిలి ముఖ్యమైన సంగతి యిది. ఇంజనునుండి దించిన నల్లని చమురును చెదలు పట్టకుండ వాసములకు పూయుటయు, పశువుల పుండ్లకు రాయుటయు, కాలువలో పాఱబోయుటయు మన యూళ్ళలో కలదు. ఇది తగదు. ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతపు నూలుమిల్లులలో కదుళ్ళ చమురు నిత్యము బట్టలను తడిపి యొంటి కంటుచుండుటచే పనివారికి చర్మమున క్యాన్సరు అను పుట్టకురుపు వచ్చుచున్నదని 1922లోనే వైద్యులు ప్రకటించిరి. ఇంజనులో కాగి మసిబాఱిన చమురునందు అట్టి హానికర పదార్థములు మఱింత పెరుగును. ఆ చమురంటిన చేతులను వెంటనే సబ్బుతో కడుగవలయును. ఆ గుడ్డలను జేబులో నుంచుకొనరాదు. ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. పిల్లలను దరికి రానీయరాదు.

నేలపై పడినదానిని రంపపు పొట్టుతోగాని బూడిదతోగాని పీల్పించి యెత్తివేసి, ఆ పిమ్మట సబ్బునీరు పోయవలయును. ముందుగ నీరు పోసినచో చమురు తేలి, వాకిలియంతయు ప్రాకి, వృద్ధులు కాలుజాఱి పడుటకు హేతువగును. దించిన చమురును మూతగల పాతడబ్బాలో నింపి, వాడిన చమురు సేకరించు షెడ్డునకు పంపవలయును. 2016వ సంవత్సరపు ప్రభుత్వ నిబంధనలు దీనిని అపాయకరమైన వ్యర్థముగ నెంచి, శుద్ధిచేయు అనుమతి గలవారికే చేర్పవలెనని విధించినవి. మన బావినీరు మన బిడ్డలే త్రాగుదురుగదా!

సోదరీమణులారా! బండిని విప్పుట మనపని కాకపోవచ్చును. కాని వారమున కొకనాడు పుల్ల ముంచి చూచుటయు, వెనుక చక్రమును పరికించుటయు, పద్దు వ్రాయుటయు, ఊపిరిగొట్టము మూయవలదని మేస్త్రీకి చెప్పుటయు మన చేతిలోనివే. ఇవి జరుగు నింట రాత్రికి నాలుగు చుక్కలు పడినను పడనిండు. వాని క్రింద నొక యట్టముక్క పఱచి, ముగ్గు మఱికొంచెము ఎడముగ పెట్టుకొందము.